నోటీస్ పీరియడ్ చేయకుండా ఉద్యోగి వెళ్లిపోతే కంపెనీ ఏం చేయగలదు, ఏం చేయలేదు

2025 నవంబర్ 21న పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చినప్పటి నుంచి వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట బాగా తిరుగుతోంది. ఇకమీదట రాజీనామా చేస్తే రెండు రోజుల్లో డబ్బంతా ఇచ్చేయాల్సిందేనట, నోటీస్ పీరియడ్ అనేదే అక్కర్లేదట. ఇందులో మొదటి ముక్క కొంతవరకు నిజం, రెండోది నిజం కాదు. అటు హెచ్‌ఆర్ వాళ్లేమో నోటీస్ చేయకుండా వెళ్తే కేసు పెడతాం, జీతం ఆపేస్తాం, పీఎఫ్ రాదు, ఇంకెక్కడా ఉద్యోగం దొరకదు అని భయపెడతారు. అందులోనూ నిజం పాలు తక్కువే. ఈ రెంటి మధ్య నలిగిపోయేది మాత్రం ఎదురుగా మంచి ఆఫర్ పెట్టుకుని నిద్రపట్టని ఉద్యోగి, నెలాఖరు పని నడిమధ్యలో ఆగిపోయి తల పట్టుకున్న యజమాని.

నేను ఇక్కడ ప్రైవేటు ఉద్యోగాల గురించే రాస్తున్నాను. ప్రభుత్వ ఉద్యోగాల్లో రాజీనామా ఆమోదం పొందితేనే చెల్లుతుంది, అక్కడి సర్వీస్ రూల్స్ వేరు.

నోటీస్ పీరియడ్ ఎక్కడి నుంచి వస్తుంది

చాలామంది అనుకునేట్టు, మామూలు ఉద్యోగి రాజీనామాకు మూడు నెలల నోటీస్ ఇవ్వాలని ఏ చట్టంలోనూ రాసి లేదు. అది మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఉంటుంది, మీరు సంతకం పెట్టారు కాబట్టి మిమ్మల్ని కట్టేస్తుంది. చట్టాలు నోటీస్ మాట ఎత్తిన చోట్ల కూడా అది సాధారణంగా నెల దాటదు. ఫ్యాక్టరీల్లాంటి చోట్ల వర్తిస్తూ వచ్చిన 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్స్ (పనిచోటి నియమాల) చట్టం కింది నమూనా నిబంధనల్లో నెలజీతం తీసుకునే శాశ్వత కార్మికుడికి నెల నోటీస్, మిగతావాళ్లకు రెండు వారాలు. మన రెండు రాష్ట్రాల్లోని 1988 నాటి షాపులు, సంస్థల చట్టం అయితే యజమాని వైపు నుంచి మాట్లాడుతుంది: ఆరు నెలలకు తగ్గకుండా పనిచేసిన మనిషిని తీసేయాలంటే సరైన కారణం ఉండాలి, కనీసం నెల నోటీస్ గానీ దానికి బదులు జీతం గానీ ఇవ్వాలి.

అంటే 60 రోజులు, 90 రోజులు అనేవి కంపెనీ, ఉద్యోగి కుదుర్చుకున్న ఒప్పందం. ఒప్పందం కాబట్టి దాన్ని తప్పితే ఏమవుతుందో చెప్పేది 1872 నాటి కాంట్రాక్టు చట్టం. ఈ సంగతి పట్టుకుంటే మిగతా చిక్కుముడి సగం విడిపోతుంది.

మాటల్లో కూడా కొంత గందరగోళం ఉంది. మిగిలిన నోటీస్ రోజులకు బదులు కట్టే డబ్బు నోటీస్ పే. ఆ డబ్బు ఉద్యోగి గానీ, అతని తరఫున కొత్త కంపెనీ గానీ కట్టి ముందే బయటపడటం బయౌట్. ఆఖరి జీతం, మిగిలిన సెలవుల డబ్బు, రావాల్సినవి, కట్టాల్సినవి అన్నీ కలిపి తేల్చే లెక్క ఫుల్ అండ్ ఫైనల్. మా దగ్గర ఇతని పని ముగిసింది, ఫలానా తేదీన వదిలేశాం అని చెప్పే కాగితం రిలీవింగ్ లెటర్. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు పనిచేశాడు అని చెప్పేది ఎక్స్‌పీరియన్స్ లెటర్. ఇక అబ్‌స్కాండింగ్ అంటే చెప్పకుండా రావడం మానేయడం. రాజీనామా మెయిల్ పెట్టి, నోటీస్ పూర్తి చేయకుండా వెళ్లినవాడిని కూడా చాలా కంపెనీలు ఇదే గాటన కట్టేస్తాయి. అది సరికాదు. చెప్పి వెళ్లడం వేరు, చెప్పకుండా మాయమవడం వేరు.

నీ రాజీనామా ఒప్పుకోం అంటే చెల్లుతుందా

మేనేజర్లు తరచూ అనే మాట ఇది. ప్రాజెక్ట్ అయ్యేవరకు నిన్ను వదలం, రాజీనామా రిజెక్ట్ చేశాం అని. అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఇన్ని రోజుల నోటీస్‌తో వెళ్లొచ్చని రాసి ఉన్నప్పుడు, ఆ గడువు అయ్యాక ఆమోదం కోసం కూర్చోవాల్సిన పనిలేదు. ఎయిర్ ఇండియా ఉద్యోగి ఒకరి కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, రాజీనామా చేయడం ఉద్యోగి హక్కు, ఇష్టం లేనివాడిని బలవంతంగా పనిచేయించలేరు అని. అడ్డుపడే నిబంధన ఏదైనా షరతుల్లో ఉంటేనో, క్రమశిక్షణ చర్య తప్పించుకోవడానికి రాజీనామా చేస్తుంటేనో అది వేరే సంగతి.

మరి గడువు పూర్తికాకుండానే వెళ్తే? అది ఒప్పందం తప్పడమే, అందులో అనుమానం లేదు. అయినా సరే, వెనక్కి వచ్చి మిగిలిన 40 రోజులు పనిచెయ్ అని ఏ కోర్టూ ఆదేశించదు. వ్యక్తి చేసే సేవకు సంబంధించిన ఒప్పందాన్ని బలవంతంగా అమలు చేయించడానికి 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఒప్పుకోదు. కంపెనీకి మిగిలే దారి ఒక్కటే, డబ్బు అడగడం.

ఇది ఎప్పుడూ ఇలాగే లేదు. బ్రిటిష్ వాళ్లు 1859లో ఒక చట్టం తెచ్చారు. అడ్వాన్సు తీసుకుని పని మధ్యలో వదిలేసిన పనివాడిని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టొచ్చు, పనికి తిరిగి వెళ్లమని ఆదేశించొచ్చు, వినకపోతే జైలుకు పంపొచ్చు. 1925లో గానీ దాన్ని రద్దు చేయలేదు. ఇక మన దగ్గర, నిజాం కాలంలో తెలంగాణ పల్లెల్లో నడిచిన వెట్టి ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిని, బలవంతపు చాకిరిని నిషేధించింది. ఈ నేపథ్యం ఉన్న దేశంలో మనిషిని సీటుకు కట్టేసే అధికారం యజమానికి ఇవ్వకపోవడం నా దృష్టిలో చాలా పెద్ద రక్షణ, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

అలాగే నోటీస్ చేయకపోవడం క్రిమినల్ నేరం కాదు. పోలీస్ కేసు పెడతాం అన్న బెదిరింపు ఎక్కడ నిజమవుతుందంటే, కంపెనీ ల్యాప్‌టాప్ తిరిగి ఇవ్వకపోతేనో, కస్టమర్ల డేటా పట్టుకెళ్తేనో, చేతిలో ఉన్న క్యాష్ లెక్క చెప్పకపోతేనో. అప్పుడది నోటీస్ గొడవ కాదు, నమ్మకద్రోహం కేసు. అందుకే ల్యాప్‌టాప్ అప్పగించిన రోజు తీసుకున్న రసీదో, కొరియర్ స్లిప్పో ఈ వ్యవహారంలో చాలా విలువైన కాగితం.

ఒక్క మాటతో మారిపోయే లెక్క

మాదాపూర్‌లో ఒక టెస్టర్ ఉన్నాడనుకుందాం. నెల జీతం మొత్తం 60,000, అందులో బేసిక్ 30,000. నోటీస్ 60 రోజులు. రాజీనామా చేశాక 20 రోజులు పనిచేసి వెళ్లిపోయాడు, ఇంకా 40 రోజులు బాకీ. అతని ఖాతాలో వాడని సెలవులు 12 ఉన్నాయి, కంపెనీ పాలసీ ప్రకారం వాటికి బేసిక్ మీద డబ్బు ఇస్తారు. లెక్క తేలికగా ఉండటానికి పీఎఫ్, పన్నులు పక్కన పెడదాం.

అతనికి రావాల్సింది: 20 రోజుల జీతం 40,000, సెలవులకు 12,000, మొత్తం 52,000.

అపాయింట్‌మెంట్ లెటర్‌లో నోటీస్ పే బేసిక్ మీద అని ఉంటే రోజుకు 1,000 చొప్పున 40 రోజులకు 40,000. అది పోను ఇంకా 12,000 అతని చేతికే వస్తుంది. గ్రాస్, అంటే మొత్తం జీతం మీద అని ఉంటే రోజుకు 2,000, మొత్తం 80,000. అప్పుడు రావాల్సింది పోను అతనే 28,000 కట్టాలి. మనిషి అదే, వెళ్లిన రోజు అదే, లెటర్‌లో ఒక్క మాట తేడాకు 40,000 అటూ ఇటూ అయింది.

ఇంకో మెలిక ఉంది. ఆ 12 సెలవులకు డబ్బు ఇవ్వకుండా నోటీస్ రోజుల్లో సర్దితే, బాకీ 28 రోజులకు తగ్గుతుంది. గ్రాస్ లెక్కలో అది 56,000. 40,000 జీతం పోను అతను కట్టాల్సింది 16,000 మాత్రమే. సెలవుకు డబ్బు ఇచ్చేటప్పుడు బేసిక్, నోటీస్ పే వసూలు చేసేటప్పుడు గ్రాస్ అనే పాలసీ చాలా చోట్ల ఉంది, ఫుల్ అండ్ ఫైనల్ షీట్ చూసి ఉద్యోగులు మండిపడేది ఎక్కువగా ఈ గీత దగ్గరే. లెటర్‌లో బేసిక్ అనీ గ్రాస్ అనీ లేకుండా ఊరికే జీతం అని రాసి వదిలేసిన చోట్ల గొడవ ఇంకా ముదురుతుంది.

ఒకప్పుడు కొన్ని కంపెనీలు నోటీస్ పే మీద 18 శాతం జీఎస్టీ కూడా కలిపి వసూలు చేసేవి. 2022 ఆగస్టులో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ ఇచ్చి, ఇలాంటి వసూలుకు జీఎస్టీ వర్తించదని తేల్చేసింది. ఇప్పటికీ ఎవరైనా కలిపితే ఆ సర్క్యులర్ చూపించొచ్చు. కొత్త కంపెనీ ఇచ్చే బయౌట్ డబ్బు మాత్రం మీ ఆదాయంలో కలిసి ఇన్‌కమ్ ట్యాక్స్‌కు వస్తుంది, 80,000 ఇస్తామన్నారంటే చేతికి అంత రాదు.

జీతం మొత్తం ఆపేయొచ్చా, రెండు రోజుల మాట ఎంతవరకు నిజం

నోటీస్ చేయలేదు కాబట్టి ఆఖరి నెల జీతమే ఇవ్వం అనడం, దాని నుంచి బాకీ మినహాయించుకుని మిగిలింది ఇవ్వడం, రెండూ ఒకటి కాదు. పనిచేసిన రోజులకు జీతం ఉద్యోగి సొమ్ము. ఆ నాలుగింటిలో ఒకటైన కొత్త వేతనాల కోడ్ ప్రకారం తొలగించినా, రాజీనామా చేసినా, రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లోపు ఇవ్వాలి. పాత 1936 చట్టంలో ఈ గడువు యజమాని తొలగించిన సందర్భానికే ఉండేది, ఇప్పుడు రాజీనామాను కూడా చేర్చారు. వాట్సాప్‌లో తిరిగే మాటకు మూలం ఇదే. అయితే రెండు రోజుల లెక్క రాజీనామా మెయిల్ పెట్టిన గంట నుంచి కాదు, ఉద్యోగం ముగిసిన రోజు నుంచి అన్నదే సాధారణంగా తీసుకుంటున్న అర్థం. పైగా అది వేతనానికే. గ్రాట్యుటీకి 30 రోజుల గడువు వేరుగా ఉంది. నోటీస్ పీరియడ్‌ను రద్దు చేసే మాట కోడ్‌లో ఎక్కడా లేదు.

మినహాయింపుల సంగతికొస్తే, వేతనం నుంచి ఏమేం కోయొచ్చో కోడ్ ఒక జాబితా ఇచ్చింది: పనికి రాని రోజులు, జరిమానా, అడ్వాన్సు, అప్పు, పన్ను, పీఎఫ్, ఉద్యోగి నిర్లక్ష్యం వల్ల పోయిన సొత్తు, ఇలా. మొత్తం కోత ఆ వేతన కాలపు వేతనంలో సగం దాటకూడదు. ఆ జాబితాలో నోటీస్ పే అని విడిగా పేరు పెట్టి లేదు. నోటీస్ ప్రస్తావన వచ్చే చోటు ఒకటుంది, అది కూడా పాత చట్టం నుంచి వచ్చిందే: పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది కూడబలుక్కుని, నోటీస్ ఇవ్వకుండా, సరైన కారణం లేకుండా పని మానేస్తే ఒక్కొక్కరికి ఎనిమిది రోజుల వేతనం దాకా కోయొచ్చు. దీంతో రెండు వాదనలు నడుస్తున్నాయి. ఒప్పందంలో ఒప్పుకున్న డబ్బు కాబట్టి ఫుల్ అండ్ ఫైనల్‌లో సర్దుకోవచ్చని కంపెనీల లాయర్లు అంటారు. జాబితాలో లేని కోత వేతనం మీద వేయకూడదు, కావాలంటే విడిగా దావా వేసుకోండి అని కార్మికుల తరఫు లాయర్లు అంటారు. రెండో వాదన చట్టం మాటలకు దగ్గరగా ఉందని నాకనిపిస్తుంది, ఆచరణలో మాత్రం మొదటిదే నడుస్తోంది.

పీఎఫ్ విషయంలో ఏ వాదనా లేదు. అది ఉద్యోగి పేరున పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్‌ఓ దగ్గర ఉన్న సొమ్ము, కంపెనీ తన బాకీ కింద పట్టుకోవడం కుదరదు. గ్రాట్యుటీ కూడా అంతే. దాన్ని ఆపాలంటే నష్టం కలిగించడం, హింసకు దిగడం లాంటి తప్పు చేసి తొలగింపుకు గురై ఉండాలి. నోటీస్ చేయలేదన్నది అందుకు కారణం కాదు. ఫారం 16 సంగతి కూడా ఇంతే, టీడీఎస్ కోసిన కంపెనీ ఆ సర్టిఫికెట్ ఇచ్చి తీరాలి.

నోటీస్ పేకు మించి నష్టపరిహారం అడిగితే

కాంట్రాక్టు చట్టంలో 73, 74 సెక్షన్లు ఇక్కడ పనిచేస్తాయి. ఒప్పందం తప్పడం వల్ల నేరుగా కలిగిన నష్టం రాబట్టుకోవచ్చు, ఎక్కడో దూరపు నష్టం కుదరదు, పైగా నష్టం తగ్గించుకోవడానికి కంపెనీ తన వంతు ప్రయత్నం చేసి ఉండాలి అని 73 చెబుతుంది. ఒప్పందంలో ముందే ఇంత అని రాసుకున్నా, కోర్టు ఇప్పించేది ఆ అంకెకు మించకుండా న్యాయంగా అనిపించిన పరిహారమే అని 74 చెబుతుంది. అందువల్ల ముందే మానేస్తే ఇంత కడతానని చేరేటప్పుడు రాసిచ్చే బాండ్‌లో పది లక్షలు అని రాసుకున్నంత మాత్రాన పది లక్షలు వచ్చేయవు.

అలాగని బాండ్ చిత్తు కాగితమూ కాదు. 2025 మేలో విజయా బ్యాంక్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చాలామందిని ఆశ్చర్యపరిచింది. మూడేళ్లు పనిచేయాలి, ముందే వెళ్తే 2 లక్షలు కట్టాలి అన్న షరతుతో చేరిన ఒక అధికారి 2009లో ఐడీబీఐ బ్యాంకుకు మారుతూ, అభ్యంతరం చెబుతూనే ఆ డబ్బు కట్టి తర్వాత కోర్టుకెళ్లారు. కర్ణాటక హైకోర్టు ఆయన వైపు నిలిచింది, సుప్రీంకోర్టు మాత్రం బ్యాంకు వైపు తీర్పిచ్చింది. ఉద్యోగంలో ఉన్న కాలానికి పెట్టిన షరతు, వృత్తికి అడ్డుపడే ఒప్పందాలు చెల్లవన్న 27వ సెక్షన్ కిందికి రాదని, ప్రభుత్వరంగ బ్యాంకు మళ్లీ మొదటి నుంచి నియామక ప్రక్రియ నడపాల్సి వస్తుందని, ఆ అధికారి హోదాకు, జీతానికి 2 లక్షలు మరీ ఎక్కువేం కాదని చెప్పింది. వీధి చివర కంపెనీలు కూడా ఈ తీర్పు చూపించి బెదిరించడం మొదలుపెట్టాయి. కానీ ఆ తీర్పులో అంకె ఎంత, ఉద్యోగి ఏ స్థాయి, బ్యాంకుకు అయ్యే ఖర్చు ఏమిటి అన్నవన్నీ తూచి చూశారు. నెలకు 18,000 జీతమిచ్చి, శిక్షణ అంటూ ఏమీ ఇవ్వకుండా 3 లక్షల బాండ్ రాయించుకున్న చోటికి దాన్ని అలాగే అంటించలేం.

పెద్ద నష్టం ఎలా ఉంటుందో చూడాలంటే 2023లో ఆకాశ ఎయిర్ అనే విమాన సంస్థ కథ గుర్తుచేసుకోవాలి. ఉన్నట్టుండి 43 మంది పైలట్లు నోటీస్ పూర్తి చేయకుండా వెళ్లిపోయారు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2017లో పెట్టిన నిబంధన ప్రకారం కెప్టెన్‌కు ఏడాది, కో పైలట్‌కు ఆరు నెలల నోటీస్. విమానాలు రద్దయ్యాయి. కంపెనీ బొంబాయి హైకోర్టులో పైలట్ల మీద 20 కోట్లకు పైగా పరిహారం అడుగుతూ దావా వేసింది, డీజీసీఏ చర్య తీసుకోవాలంటూ ఢిల్లీ హైకోర్టుకూ వెళ్లింది. ఉద్యోగ ఒప్పందాల్లో తాము తలదూర్చలేమని డీజీసీఏ చెప్పింది. విమానానికి పైలట్ లేకపోతే విమానం ఎగరదు, ఏ రోజు ఎన్ని సర్వీసులు ఆగాయో లెక్క చూపించొచ్చు. వందమంది ఉన్న టీమ్‌లో ఒక డెవలపర్ 40 రోజులు ముందు వెళ్లిపోతే ఇంత నష్టం జరిగిందని అలా రుజువు చేయడం చాలా కష్టం.

అందుకే సాధారణ ఉద్యోగాల్లో దావాలు అరుదు. ఒప్పందం తప్పిన మూడేళ్లలోపు వేయొచ్చు, హక్కు ఉంది. కానీ 28,000 కోసం సివిల్ కోర్టుకు వెళ్తే లాయర్ ఫీజే అంతకు మించుతుంది. లీగల్ నోటీసు దాకా వచ్చి ఆగిపోయేవే ఎక్కువ.

కంపెనీ అసలు బలం రిలీవింగ్ లెటర్

కోర్టులో ఇంత బలహీనంగా ఉన్న కంపెనీకి ఉద్యోగులు ఎందుకంత భయపడతారు? కాగితాల వల్ల. తర్వాతి కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో రిలీవింగ్ లెటర్ అడుగుతుంది, పాత హెచ్‌ఆర్‌కు మెయిల్ పెడుతుంది, అక్కడి నుంచి అబ్‌స్కాండెడ్ అని జవాబు వస్తే ఆఫర్ వెనక్కి పోవచ్చు.

ఈ వ్యవహారం దగ్గరగా చూస్తే ఇలా ఉంటుంది. మనిషి మూడు రోజులు కనిపించకపోతే మొదటి మెయిల్, తర్వాత రెండోది, ఆ తర్వాత రికార్డులో ఉన్న శాశ్వత చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టు. అబ్బాయి బెంగళూరులో ఉంటాడు, ఆ కవరు ఒంగోలు పక్క పల్లెలో అమ్మానాన్నల చేతికి వెళ్తుంది. లెటర్‌హెడ్, చట్టపరమైన చర్యలు అన్న మాట చూసి కొడుకు మీద కోర్టు కేసు పడిందని వాళ్లు కంగారుపడి ఫోన్ చేస్తారు. నిజానికి అది కంపెనీ తన ఫైల్ కోసం పంపుకునే కాగితం. గైర్హాజరైనవాడి పేరు ఊరికే కొట్టేయడం కుదరదని, వివరణ ఇచ్చుకునే అవకాశం ఇవ్వాలని కార్మికుల విషయంలో సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది, ఆ ఉత్తరాల వరస వెనుక ఉన్నది ఆ జాగ్రత్తే. వాటికి జవాబివ్వకుండా ఊరుకోవడమే ఉద్యోగి వైపు నుంచి ఎక్కువ నష్టం చేస్తుంది. ఫలానా తేదీన రాజీనామా ఇచ్చాను, ఫలానా రోజు దాకా పనిచేశాను, బాకీ రోజుల డబ్బు లెక్క పంపండి అన్న ఒక్క మెయిల్ ఉంటే, మాయమయ్యాడు అన్న మాట నిలబడదు.

పీఎఫ్ రికార్డు ఇంకో చిక్కు తెస్తుంది. పాత కంపెనీ ఉద్యోగం ముగిసిన తేదీ నమోదు చేయకపోయినా, ఆలస్యంగా తేదీ వేసినా, కొత్త కంపెనీ చందా మొదలయ్యేసరికి ఒకే కాలంలో రెండు ఉద్యోగాలు చేసినట్టు కనిపిస్తుంది. మూన్‌లైటింగ్, అంటే ఒక ఉద్యోగంలో ఉంటూ చాటుగా ఇంకోటి చేయడం, దాని గొడవ తర్వాత కంపెనీలు దీన్ని బాగా గమనిస్తున్నాయి. 2020 నుంచి ఉద్యోగే ఆ తేదీ పీఎఫ్ వాళ్ల యూఏఎన్ పోర్టల్‌లో వేసుకోవచ్చు, ఆధార్ ఓటీపీతో. కాకపోతే ఆఖరి చందా పడ్డాక రెండు నెలలు ఆగాలి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోవడం గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. కొన్ని ప్రైవేటు కాలేజీల్లో, స్కూళ్లలో, చిన్న ఆసుపత్రుల్లో చేరేటప్పుడే డిగ్రీ సర్టిఫికెట్లు తీసేసుకుంటారు. నోటీస్ డబ్బు కట్టేదాకా అవి ఆపే హక్కు వాళ్లకు లేదు. బాకీ ఉంటే బాకీ అడగాలి తప్ప ఒక మనిషి చదువును తాకట్టు వస్తువు చేయడం అన్యాయం. ఒక లీగల్ నోటీసు వెళ్లేసరికి తిరిగి ఇచ్చేసే సందర్భాలే ఎక్కువ.

90 రోజుల మీద రెండు వైపుల వాదన

కంపెనీల బాధ ఊరికే కొట్టిపారేసేది కాదు. క్లయింట్‌తో ఒప్పందంలో ఫలానా అనుభవం ఉన్న మనిషిని పెడతామని రాసి ఉంటుంది, అతను పోతే బిల్లింగ్ ఆగుతుంది. కొత్తవాడు దొరికి, అతని సొంత నోటీస్ అయ్యి వచ్చేసరికి నెలలు గడుస్తాయి. పనిలో సగం సంగతులు ఏ డాక్యుమెంట్‌లోనూ ఉండవు, ఆ మనిషి తలలోనే ఉంటాయి. వెళ్లినవాడి పని మిగిలిన ఇద్దరి నెత్తిన పడుతుంది, ఆ కష్టం యజమానిది కాదు, తోటి ఉద్యోగులది. నోటీస్ తుంగలో తొక్కి వెళ్లేవాళ్లు దీన్ని ఎక్కువగా పట్టించుకోరు.

ఉద్యోగుల వాదన కూడా అంతే బలంగా ఉంది. ఎదుటి కంపెనీ ఇమ్మీడియట్ జాయినర్స్ మాత్రమే కావాలంటుంది, అదే కంపెనీ తన వాళ్లకు 90 రోజులు పెడుతుంది. మూడు నెలలు ఎవరూ ఆగరు కాబట్టి ముందు రాజీనామా చేసి తర్వాత ఉద్యోగం వెతకాల్సి వస్తోంది, అది తలకు మించిన టెన్షన్. కంపెనీ తీసేయాలనుకుంటే ఆ రోజే ఐడీ కార్డు లాక్కుని బేసిక్ లెక్కన డబ్బు చేతిలో పెట్టి పంపిస్తుంది, ఉద్యోగి వెళ్లాలంటే మాత్రం డబ్బు కడతానన్నా ఒప్పుకోరు. చాలా లెటర్లలో బయౌట్ కంపెనీ ఇష్టం మేరకు అని రాసి ఉంటుంది, ఆ ఒక్క వాక్యమే ఒప్పందాన్ని ఒకవైపుకు ఒరిగేలా చేస్తోంది.

ఇంకో చేదు నిజం, సుదీర్ఘమైన నోటీస్ కంపెనీలకే ఎదురు తిరిగింది. ఆ 90 రోజుల్లో చేతిలో ఒక ఆఫర్ పెట్టుకుని, దాన్ని చూపించి మరో రెండు తెచ్చుకోవడం మామూలైపోయింది. చేరతానన్న మనిషి చేరే రోజున ఫోన్ ఎత్తడు. నా అభిప్రాయంలో నెల నోటీస్, అందులో మొదటి రెండు వారాలు అప్పగింతకే కేటాయించడం, 90 రోజులు ముళ్ల మీద కూర్చోబెట్టడం కంటే ఎక్కువ పని సాధిస్తుంది. వెళ్లిపోవాలని నిర్ణయించుకున్నవాడు మూడో నెలలో చేసే పని ఏపాటిదో ప్రతి టీమ్ లీడ్‌కూ తెలుసు.

గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్న మనవాళ్లకు

జగిత్యాల, నిజామాబాద్ నుంచి దుబాయ్ వెళ్లినవాళ్లు ఇక్కడి లెక్కలు అక్కడ వేసుకుంటే ప్రమాదం. యూఏఈలో 2021 నాటి కార్మిక చట్టం ప్రకారం నోటీస్ 30 నుంచి 90 రోజులు, అది చేయకపోతే ఎదుటివాడికి నష్టం జరిగినా జరగకపోయినా ఆ రోజుల జీతం కట్టాలి. సరైన కారణం లేకుండా మధ్యలో వదిలేసి వెళ్లిన విదేశీ కార్మికుడికి ఏడాదిపాటు మరో వర్క్ పర్మిట్ రాకుండా పోవచ్చు. పని వదిలి పారిపోయాడని యజమాని ఫిర్యాదు చేస్తే వ్యవహారం వీసా దాకా వెళ్తుంది.

అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ ఎవరైనా ఎప్పుడైనా మానేయొచ్చు, రెండు వారాలు ముందు చెప్పడం మర్యాద మాత్రమే. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ముందే వెళ్తున్నందుకు యజమాని పెనాల్టీ వసూలు చేయడాన్ని అక్కడి చట్టం నిషేధించింది. అయితే ఆ రాష్ట్ర చట్టం ఒప్పుకునే న్యాయమైన నష్టపరిహారం అడగొచ్చు, కన్సల్టెన్సీలు ఆడుకునేది ఈ రెంటి మధ్య ఉన్న సందులోనే. ఉద్యోగం ముగిశాక కొత్తది చూసుకోవడానికి 60 రోజుల గడువే ఉంటుంది కాబట్టి అక్కడ అసలు భయం నోటీస్ గురించి కాదు, వీసా స్టేటస్ గురించి.

కాగితమే లేని చోట

ఇప్పటిదాకా చెప్పిందంతా లెటర్ ఉన్నవాళ్ల గురించి. విజయవాడ వన్‌టౌన్‌లో హోల్‌సేల్ మందుల షాపు తీసుకుందాం. నలుగురు పనివాళ్లు, అకౌంటెంట్‌కు నెలకు 22,000, చేరేటప్పుడు నోటి మాటే తప్ప కాగితం లేదు. మార్చి 18న "సార్, రేపటి నుంచి రానండి, గుంటూరులో వేరే చోట కుదిరింది" అన్నాడు. ఓనర్‌కు కాళ్ల కింద నేల కదిలినట్టయింది. ఇయర్ ఎండింగ్, స్టాక్ లెక్కలు తేలలేదు, లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ పాస్‌వర్డ్ అతనికొక్కడికే తెలుసు. "ఏమయ్యా, ఇప్పుడా చెప్పేది? ఈ నెల జీతం ఎలా తీసుకుంటావో చూస్తా" అన్నాడు.

ఇక్కడ నోటీస్ షరతు రాసుకోలేదు కాబట్టి నోటీస్ పే అని ఒక అంకె చూపించి కోయడానికి ఓనర్‌కు ఆధారం లేదు. 17 లేదా 18 రోజులు పనిచేశాడు, ఆ జీతం ఇవ్వాలి. ఇవ్వకపోతే అకౌంటెంట్ లేబర్ ఆఫీసుకు వెళ్లొచ్చు. నెలజీతగాడు సహేతుకమైన గడువు ఇవ్వకుండా పోయాడు కాబట్టి నష్టం జరిగింది అని ఓనర్ దావా వేయొచ్చు, దాన్ని నిరూపించడం అతని వల్లయ్యే పని కాదు. కానీ పాస్‌వర్డ్ చెప్పకుండా వెళ్లడం, పుస్తకాలు దగ్గర పెట్టుకోవడం వేరే సంగతి. అవి షాపు సొత్తు, వాటిని ఆపితే తప్పు పూర్తిగా అకౌంటెంట్ వైపుకు వచ్చేస్తుంది. ఇలాంటి చోట జరిగేది సాధారణంగా ఒకటే, మధ్యలో ఒక పెద్దమనిషి కూర్చుని, నాలుగు ఆదివారాలు వచ్చి లెక్కలు ముగించేలా, జీతం ఆ రోజే ఇచ్చేలా కుదురుస్తాడు.

పదిమంది లేదా అంతకంటే ఎక్కువ పనిచేసే సంస్థల్లో అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వడం కొత్త కోడ్‌లతో తప్పనిసరి అయింది. నలుగురున్న ఈ మందుల షాపుకు అది వర్తించదు. వర్తించకపోయినా, పేరు, జీతం, చేరిన తేదీ, వెళ్లాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలో రాసి ఇద్దరూ సంతకం పెట్టుకున్న ఒక్క పేజీ ఉంటే మార్చి 18న జరిగిన గొడవలో సగం ఉండేది కాదు.